కత్తి తిరిగిచ్చే ముందు

కొండల మధ్య ఒక చిన్న దేశం ఉండేది. అక్కడ ఆడా మగా అందరి నడుముకీ కత్తి ఉండేది. వెదురు చీల్చాలన్నా, కంచె కొమ్మలు నరకాలన్నా, దారిలో ఎలుగుబంటి ఎదురైతే బెదిరించాలన్నా అదే కత్తి. దాన్ని నలుగురికీ కనబడేలా పెట్టుకోవడం అక్కడి మర్యాద.

ఆ దేశానికి రాజు లేడు. పదిహేను పేటలు, పేటకొకరు చొప్పున పదిహేనుమంది సభ్యులు. వాళ్లే కూర్చుని చట్టాలు చేసేవారు. చట్టం కావాలన్నవాళ్లు లేచి నిలబడాలి, వద్దన్నవాళ్లు కూర్చోవాలి. అందువల్ల ఆ సభలో కునుకు తీసేవాడి ఓటు ఎప్పుడూ వద్దనే. ముసాయిదా రాసినవాడు అందరికంటే ముందు లేవాలి. ఆయన లేవకపోతే అది అక్కడితో సరి. అలా లేవనివాణ్ణి మాత్రం ఎవరూ చూడలేదు. తన రాత మీద తనకే మోజు లేని మనిషి చట్టాలు రాయడానికి ఎందుకొస్తాడు?

సభలోకి కత్తి తీసుకెళ్లకూడదు. గుమ్మం పక్కన గోడకి పదిహేను కొక్కేలు, వాటి కింద ఒక బల్ల, బల్ల మీద ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన కత్తుల కాపరి. పొద్దున కత్తులు పుచ్చుకుని కొక్కేలకు తగిలించేవాడు, సాయంత్రం తీసి ఇచ్చేవాడు. ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడిగేవాడు.

"ఇవాళ ఇంట్లో ఏం కూర?"

అంతే. వంకాయ అనో, తోటకూర పప్పు అనో చెబితే కత్తి చేతికొచ్చేది. "ఏమో తెలీదు" అన్నవాడి కత్తి మర్నాటిదాకా కొక్కేనికే ఉండేది. అబద్ధం చెప్పడం కుదిరేది కాదు. ముసలాయన రోజూ కూరగాయల బజారు మీదుగా నడిచే వస్తాడు. ఆ రోజు ఏం దిగిందో, ఏం దిగలేదో ఆయనకు కంఠతా వచ్చు. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఇంటికి వెళ్లాలని మనసున్నవాడికి ఇంట్లో ఏం వండుతున్నారో తెలిసే ఉంటుందని మాత్రం పెద్దలు అనేవారు. కుర్ర సభ్యులు ఈ ప్రశ్నని ఎగతాళి చేసేవారు. ఎగతాళి చేస్తూనే బీరకాయ అనో సొరకాయ అనో చెప్పి కత్తి పుచ్చుకునేవారు.

ఒక ఏడాది చింతలపేటలో ఘోరం జరిగింది. మనసు చెదిరిన ఒకడు శాలువా కింద కత్తి దాచుకుని పెళ్లి పందిట్లోకి వెళ్లి ముగ్గురిని పొడిచాడు. అందులో ఒకరు పోయారు. దేశమంతా తలుపులు పెందలాడే మూసుకోవడం మొదలుపెట్టింది. గుర్రాలపేట సభ్యుడు రెండు ముసాయిదాలు రాసుకొచ్చాడు.

మనసు చెదిరినవాళ్లని ఇద్దరు సాక్షులు చెబితే చాలు, కొండవతల గోడల ఇంటికి పంపాలన్నది మొదటిది. తిరిగొచ్చే తేదీ అందులో లేదు. మనసు బాగున్నవాళ్లు ఇకమీదట కత్తిని శాలువా కింద దాచుకుని ఎక్కడికైనా, సభలోకైనా సరే, వెళ్లవచ్చన్నది రెండోది. రెండూ కలిపి ఒకే ఓటు. గెలిస్తే కొక్కేలు పీకేస్తారు. కాపరికి ఇక పని ఉండదు.

గుర్రాలపేట సభ్యుడు మంచి మాటకారి. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయన మాట్లాడుతుంటే కునుకు తీసేవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. పిచ్చివాళ్లని గోడల వెనక పెట్టేస్తే బయట మిగిలేది మంచివాళ్లేననీ, మంచివాళ్ల దగ్గర కత్తి ఉంటే నష్టమేముందనీ ఆయన వాదం. వినడానికి బాగానే ఉంది. భయపడిన మనిషికి అంతకంటే బాగుంటుంది.

పాలపేట ముసలి సభ్యుడు మాత్రం చెయ్యి ఎత్తాడు. "మనసు బాగున్నవాడెవడో, లేనివాడెవడో ఎలా తెలుస్తుందండీ?"

"చూస్తే తెలుస్తుంది" అన్నాడు గుర్రాలపేట సభ్యుడు.

అందరూ తలలు ఊపారు. ఊపనిది ఒక్క నేతపేట సభ్యురాలు. ఆమె కుర్చీ గుర్రాలపేట సభ్యుడి కుర్చీ పక్కనే. ఆరేళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్నారు. చూస్తే ఎంత తెలుస్తుందో ఆమెకి బాగా తెలుసు.

మూడేళ్ల కిందట ఆమె చెల్లెలు వాగు దాటుతూ కొట్టుకుపోయింది. ఇద్దరూ కలిసి ఒకే ఇంట్లో రెండు మగ్గాలు నడిపేవాళ్లు. కర్మలు అయ్యాక ఆమె సభకి ఎప్పటిలాగే వచ్చింది, తల దువ్వుకుంది, నవ్వాల్సిన చోట నవ్వింది. ఇంట్లో పొయ్యి మాత్రం వెలిగించలేదు. ఆ రోజుల్లోనే గుర్రాలపేట సభ్యుడు ఆమెను చూసి, ఈమధ్య కాస్త సన్నబడ్డారు, కళగా ఉన్నారని మెచ్చుకున్నాడు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఒక సాయంత్రం కాపరి అడిగితే ఆమె బీరకాయ అని చెప్పింది. ఆ వారం బజారులో బీరకాయ లేదు. ముసలాయన కత్తి ఇవ్వలేదు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. సభ్యురాలిని, నా కత్తి ఆపడానికి నువ్వెవరివి అని నలుగురి ముందూ అరిచింది. ఆయన తల వంచుకుని విన్నాడు. మర్నాడు మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అబద్ధం చెప్పింది. మూడో రోజు ఆయన సంచిలోంచి రెండు దోసకాయలు తీసి ఆమె చేతిలో పెట్టి, వీటితో ఏం చేస్తావో రేపు చెప్పు తల్లీ అన్నాడు. నాలుగో రోజు ఆమె ఏమీ చెప్పకుండా బల్ల మీద కూలబడి ఏడ్చింది. వైద్యురాలి దగ్గరికి వెళదామా అని ఆయన అడిగాడు. ఆమె ఊ అనేదాకా పక్కన కూర్చున్నాడు. ఊ అన్నాకే లేచాడు.

ఆమె తొమ్మిది రోజులు ఆ వైద్యురాలి ఇంట్లో ఉంది. తర్వాత ఇంటికొచ్చి దోసకాయ పప్పు వండింది. ఉప్పు ఎక్కువైంది. ఆ మాట చెప్పిన సాయంత్రం కాపరి కత్తి తీసి, కండువాతో తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు. ఆ నాలుగు రోజులు కత్తి తన దగ్గర ఉండి ఉంటే ఏమయ్యేదో ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరూ ఇంతవరకూ ఆ మాట ఎత్తలేదు. ప్రతి ఉదయం పొయ్యి వెలిగించేటప్పుడు మాత్రం ఆమె ఆ ముసలాయన్ని తలుచుకుని మనసులోనే దణ్ణం పెట్టుకుంటుంది.

ఇప్పుడు నోరు విప్పితే ఆమె గతేమిటి? ముసాయిదాలో రాసి ఉన్నదంతా ఆమెకి కంఠతా వచ్చేసింది. ఒకప్పుడు చెదిరినా, ఇప్పుడు చెదిరినా తేడా లేదని అందులో ఉంది. నోరు మూసుకుంటే కుర్చీ ఉంటుంది, మగ్గం ఉంటుంది. కాపరి మాత్రం రేపు ఉండడు. రేపటి నుంచి తనలాంటి మనిషికి అడిగేవాడు ఎవడూ ఉండడు. అయితే కత్తి, కాకపోతే గోడల ఇల్లు.

ఆమె లేచింది. ఓటు సమయం కాకుండానే లేచినందుకు సభ నడిపే పెద్దాయన గంట మోగించబోయి ఆగాడు.

ఉన్నదంతా చెప్పింది. చెల్లెలి సంగతి, పొయ్యి సంగతి, బీరకాయ అబద్ధం, దోసకాయలు, వైద్యురాలి ఇల్లు. చివరికి పక్క కుర్చీ వైపు తిరిగింది.

"మీరు నన్ను రోజూ చూశారండీ. మీకు తెలియలేదు. నన్ను చూసి కాదు, అడిగి తెలుసుకున్నది ఆ ముసలాయన. నేనివాళ మీ పక్కన బతికి కూర్చున్నానంటే అది ఆయన పుణ్యం. ఈ మాట మూడేళ్లుగా ఆయనకు చెప్పలేదు. ఇక్కడే, అందరి ముందూ చెబుతున్నాను."

తర్వాత చింతలపేట సభ్యుడు లేచాడు. పందిట్లో పోయింది ఆయన మేనల్లుడు. ఆయన కళ్లలో కోపం లేదు, నీళ్లున్నాయి. ముసాయిదా ప్రకారం ఇద్దరు సాక్షులు చాలనీ, ఒకరు ఈవిడే, రెండోవాడు గుమ్మం దగ్గరున్నాడనీ అన్నాడు. తన పేట జనానికి ఏదో ఒకటి పట్టుకెళ్లకపోతే మొహం చూపించలేనన్నాడు.

సభ పెద్దాయన కాపరిని పిలిపించాడు. ఈవిడ మనసు చెదిరిందనడానికి నువ్వు సాక్షివేనా అని అడిగాడు.

"అన్నం తినని మనిషిని చూశానండీ" అన్నాడు కాపరి. "తిన్నాక కూడా చూశాను. దేనికి సాక్షి అనమంటారో మీరే చెప్పండి."

సభ పెద్దాయన గంట మోగించి ఓటు మొదలైందన్నాడు. రాసినవాడు ముందు లేవాలి. అందరూ గుర్రాలపేట సభ్యుడి వైపు చూశారు. ఆయన లేచిన క్షణం నుంచి తన పేరు మీద సాక్షుల కాగితం నడుస్తుందని నేతపేట సభ్యురాలికి తెలుసు.

ఆయన లేవలేదు. శాలువాని రెండు చేతులతో దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. లేవాలండీ అని సభ పెద్దాయన గుర్తుచేశాడు. ఆయన ముందున్న కాగితాల వైపు చూస్తూనే ఉన్నాడు. గంట మూడోసారి మోగేసరికి గడువు తీరింది. ముసాయిదా పోయింది. ఆ సభ పుట్టాక అలా జరగడం అదే మొదలు.

చింతలపేట సభ్యుడు తల పట్టుకున్నాడు. నేతపేట సభ్యురాలు ఆయన దగ్గరికి వెళ్లి, రేపు మీతో పాటు మీ పేటకి నేనూ వస్తాను అన్నయ్యా, వాళ్లతో నేనే మాట్లాడతాను అంది. ఆయన ఏమన్నా సరే వెళ్లాలనే ఆమె నిశ్చయించుకుంది.

సాయంత్రం గుమ్మం దగ్గర వరుస కట్టారు. ఆ రోజు కాపరి ప్రశ్నని ఎవరూ ఎగతాళి చేయలేదు. ఒకాయనైతే కూర పేరుతో పాటు తాలింపు కూడా చెప్పాడు. నేతపేట సభ్యురాలు తన కత్తి పుచ్చుకుని ముసలాయన కాళ్లకు వంగబోతే, నడుము పట్టేస్తుంది లే తల్లీ అని ఆయన వెనక్కి జరిగాడు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఎంతోకాలానికి ఆమె ఒంట్లో బరువు దిగినట్టయింది.

వరుసలో చివర గుర్రాలపేట సభ్యుడు. గుమ్మడికాయ పులుసు అన్నాడు. ఆ రోజు బజారంతా గుమ్మడికాయలే. కాపరి కత్తి ఇచ్చాడు. ఆయన దాన్ని నడుముకి పెట్టుకున్నాడు కానీ కదల్లేదు. శాలువా లోపల చెయ్యి పెట్టి ఇంకో కత్తి తీశాడు. సన్నది, పొట్టిది. దాన్ని కాపరి బల్ల మీద పెట్టాడు.

"ఏడు నెలలైంది తాతా. రోజూ దీంతోనే లోపలికి వెళ్లాను. పొద్దున బజారు మీదుగా వచ్చేవాణ్ణి. ఏం దిగిందో చూసుకుని సాయంత్రం అదే చెప్పేవాణ్ణి. మా ఇంట్లో వంట చేసి చాన్నాళ్లైంది."

కాపరి మొహం పాలిపోయింది. ఏడు నెలలు ఆయన ప్రతి సాయంత్రం ఆ మనిషికి కత్తి ఇచ్చి పంపాడు. తన ప్రశ్న మీద ఆయనకి అంత నమ్మకం.

ఆ కత్తి ఎవరి కోసం అని నేతపేట సభ్యురాలు మెల్లగా అడిగింది.

"నాకే తెలీదమ్మా. కొన్ని రోజులు ఎదుటివాళ్ల కోసం అనిపిస్తుంది. కొన్ని రోజులు నా కోసమే అనిపిస్తుంది. మీరు లేచి చెప్పకపోయి ఉంటే ఇవాళ నేను లేచేవాణ్ణి. మీకు రుణపడ్డాను. ఆ వైద్యురాలి ఇల్లెక్కడో చూపిస్తారా?"

ఆమె పదండి అంది. కాపరి ఆ పొట్టి కత్తిని సొరుగులో పెట్టి, తనూ చేతికర్ర తీసుకుని లేచాడు. ముగ్గురూ సాయంత్రపు నీరెండలో నడిచారు. దారిలో ఎవరో గుర్రాలపేట సభ్యుడికి నమస్కారం పెట్టి, ఏమండీ, చట్టం అయిందా అని అడిగారు. ఇంకా కాలేదు అన్నాడు.

వైద్యురాలి వీధి మలుపు తిరిగాక ఆయన కాళ్లు ఆగిపోయాయి.

"ఆ ఇంటికి గడియ ఎటువైపు ఉంటుంది?" అన్నాడు.

"లోపలి వైపే. మనమే వేసుకుంటాం, మనమే తీసుకుంటాం" అంది ఆమె.

"నా ముసాయిదాలో బయటి వైపు రాశాను" అన్నాడాయన.

కాపరి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ముగ్గురూ మళ్లీ నడిచారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. దాన్ని తోసుకుని లోపలికి ముందు వెళ్లింది గుర్రాలపేట సభ్యుడే.