పది దాకా లెక్కపెట్టిన అత్తిపత్తి

విక్టోరియా రాణి ఏలుబడిలో రాజమండ్రిలో చయనులు అనే మొక్కల పండితుడు ఉండేవాడు; ఆకు దొరికితే దాని ముందు గంటలకొద్దీ కూర్చునేవాడు గానీ, ఇంట్లోవాళ్ళు చెప్పే మాట ఒక్క నిమిషం వినేవాడు కాడు.

ఒక ఎండాకాలం సెలవులకు భార్య సుభద్రమ్మనూ, అత్తగారు పేరమ్మగారినీ వెంటబెట్టుకుని భీమునిపట్నం వెళ్ళాడు. అందరూ సముద్రపు గాలి కోసం వెళ్తారు. చయనులు మాత్రం పెట్టెడు కాగితాలూ, సిరాబుడ్డీ, కుండీలో ఒక అత్తిపత్తి మొక్కా పట్టుకెళ్ళాడు. ముట్టుకుంటే సిగ్గుపడి ఆకులు ముడుచుకుంటుంది చూడండీ, ఆ మొక్కే.

కుండీని పెరట్లో బట్టలారేసే దండెం కింద పెట్టించాడు. రెండో రోజే వింత జరిగింది. వీధి చివర సర్కారు కచేరీ గంట పది కొట్టాక చూస్తే ఆకులన్నీ ముడుచుకుని ఉన్నాయి! మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. తొమ్మిదికి ముడుచుకోదు, పదకొండుకూ ముడుచుకోదు.

"సుభద్రా! ఈ మొక్క పది దాకా లెక్కపెడుతోందే!" అని గంతులేశాడు.

"లెక్కా లేదు, పాడూ లేదు. అది మా అమ్మ..."

"హుష్! పరిశోధన మధ్యలోకి మీ అమ్మ ఎందుకు?"

"సరే, దానికి ఎక్కాలు కూడా నేర్పండి" అని సుభద్రమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అసలు సంగతి ఏమిటంటే, పది కొట్టేసరికి పేరమ్మగారు నూతి పక్కనున్న గదిలో స్నానం ముగించి, తడిపిన మడిబట్ట ఆరేసుకోవడానికి వచ్చేది. మడిబట్టంటే మరొకరు తాకకూడదు కనుక, కర్రతో ఎత్తి పై దండెం మీద వేసేది. ఆ కాలంలో అత్తగారు అల్లుడి కంటపడేది కాదు. చయనులు మర్యాద తెలిసిన అల్లుడు. గంట వినగానే లేచి వీధి అరుగు మీదికి తప్పుకుని, పావుగంట తర్వాత తిరిగొచ్చేవాడు.

ఇంత జరుగుతుంటే, మద్రాసులో ఉన్న పెంబర్టన్ దొరకు రాసిన ఉత్తరంలో ఏమని రాశాడనుకున్నారు? "నా కళ్ళెదుటే ముడుచుకుంది" అని!

ఆ దొర మొక్కల శాస్త్రంలో పెద్ద పేరున్నవాడు. "ఓడలో వస్తున్నాను. స్వయంగా చూసి, నిజమైతే మీ పేరుతోనే లండన్ పత్రికలో అచ్చు వేయిస్తాను" అని జవాబు రాశాడు. చయనులు ఆ ఉత్తరాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు.

దొర వచ్చాడు. పెరట్లో కుర్చీ వేశారు. పరాయివాడు పెరట్లో కూర్చున్నాడని పేరమ్మగారు నూతి గది తలుపు బిగించుకుంది. కచేరీ గంట పది కొట్టింది. అత్తిపత్తి ఆకులు విసనకర్రల్లా విచ్చుకునే ఉన్నాయి.

"కొత్తవాళ్ళని చూసి జంకుతోందేమో" అన్నాడు చయనులు, నుదురు తుడుచుకుంటూ.

"మొక్క జంకితే ముడుచుకోవాలి కదా, పండితులూ?" అన్నాడు దొర.

అంతలో నూతి గదిలోంచి కేక వినిపించింది.

"సుభద్రా! ఎంతసేపే నన్నిలా తడిబట్టతో నిలబెడతారు? ఆ దొరనీ, నీ మొగుణ్ణీ అటు తిరగమను! నా మడిబట్ట ఆరేసుకోవద్దూ?"

ఇద్దరు పండితులూ బడిలో తప్పు చేసిన పిల్లల్లా గోడవైపు తిరిగి నిలబడ్డారు. వెనకాల కర్ర చప్పుడు. తర్వాత టప్, టప్, టప్. తర్వాత తలుపు చప్పుడు.

తిరిగి చూస్తే ఆకులన్నీ ముడుచుకున్నాయి. పైన మడిబట్ట ఇంకా నీళ్ళు కారుస్తోంది.

దొర బట్టనూ చూశాడు, మొక్కనూ చూశాడు. "మీ కళ్ళెదుటే ముడుచుకుందని రాశారు. ఆ కళ్ళు అప్పుడు ఎటు తిరిగి ఉన్నాయి?" అని అడిగాడు.

వాన చినుకు పడిందనో, గాలి తగిలిందనో చెప్పి తప్పించుకోవచ్చు. కానీ చయనులు తలుపు వైపు చూశాడు. తలుపు చాటున సుభద్రమ్మ కనిపించింది. చయనులు తల వంచి, "వీధి వైపు తిరిగి ఉన్నాయి, దొరా. నేను చూడలేదు. చూసినట్టు రాశాను. మా ఆవిడ చెప్పబోతే విన్లేదు. ఈ మొక్కకు లెక్కలు రావు. లెక్కపెట్టేది మా అత్తగారు" అన్నాడు.

దొర పడీపడీ నవ్వాడు. చయనులు తనకు రాసిన ఉత్తరాన్ని చించి అతని చేతిలో పెట్టి, "నిజం ఒప్పుకున్నారు కనుక ఇంకో ఉత్తరం రాయండి. చదువుతాను" అని చెప్పి ఓడెక్కాడు.

ఆ సాయంత్రమే చయనులు కొత్త కాగితం తీసి, భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "ఊఁ, చెప్పు సుభద్రా. మొదటి చినుకుకు ఎన్ని ఆకులు ముడుచుకుంటాయి?"

"ముందు ఆ కుండీ దండెం కిందనుంచి తీయించండి. మా అమ్మ తిడుతోంది. తర్వాత చెబుతాను" అంది సుభద్రమ్మ.

ఈసారి చయనులు మారు మాట్లాడకుండా లేచాడు.

నీతి: చూసిందే చూసినట్టు రాయాలి, చూడనిదాన్ని చూసినవాళ్ళను అడిగి తెలుసుకోవాలి.