బందెలదొడ్డిలో బందిపోటు

ఒకానొక రాజ్యంలో రాజుగారికి ముప్పైరెండు బిరుదులు ఉండేవి. కొలువు తీరిన ప్రతిసారీ అవన్నీ చదివేసరికి సగం పూట గడిచేది. ప్రజల మొరలు మిగతా సగం పూటలో ఇమడాలి. ఆ రాజు పేరు కీర్తిధవళుడు.

ఆయన కొలువులో పేరయ్య అనే హాస్యగాడు ఉండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఆ రోజు మాత్రం అతనికే నవ్వు రావడంలేదు. ఒళ్ళు మండిపోతోంది.

ఎదురుగా నాంచారి నిలబడి ఉంది. ఆమె మగడు ఓబయ్య ఎద్దుల మీద ఉప్పు తోలుకొచ్చి అమ్ముకునేవాడు. కొండల నడుమ కనమదారిలో జగ్గడనే బందిపోటు అతన్ని నరికి, ఎద్దుల్ని తోలుకుపోయాడు. ఆమె మొరపెట్టుకోవడం ఇది మూడోసారి.

"కావలివాళ్ళు అక్కడే ఉన్నారు బాబూ," అంది నాంచారి. "మావాళ్ళు పొదచాటు నుంచి చూశారు. జగ్గడు ఏదో బిళ్ళ చూపించేసరికి కావలివాళ్ళు తలొంచుకుని తప్పుకున్నారట. మా ఆయన వాళ్ళని పేరుపేరునా పిలిచాడట. ఒక్కడూ వెనక్కి తిరగలేదు."

వేగుల దళవాయి రణభల్లటుడు మీసం దువ్వుకున్నాడు. పొరుగు రాజ్యాల గుట్టు తెచ్చే వేగులవాళ్ళందరికీ అతనే పెద్ద.

"ఆ రాజముద్ర బిళ్ళ నేనిచ్చిందే ప్రభూ. పొరుగు రాజు దండు కబుర్లు జగ్గడే మోసుకొస్తాడు. వాడు నాకు చెవిలాంటివాడు. మిగతా వేళల్లో వాడి చేతులు ఏం చేస్తాయో నాకు పనిలేదు."

"చెవికి చేతులు మొలిచాయని ఇప్పుడే వింటున్నాను," అన్నాడు పేరయ్య. "ఆ చేతికి కత్తి కూడానా?"

"నువ్వు నోరు ముయ్యవయ్యా! శత్రువు గుట్టు పురాణం చెప్పే శాస్త్రులుగారు తెస్తారా? దొంగే తేవాలి. వాడేం నా కొడుకా, తమ్ముడా? వాడి పాపం వాడిది."

రాజు గంభీరంగా తల పంకించాడు. "దళవాయి చెప్పింది రాజనీతి. ఏమమ్మీ, నీ మగడు దేశం కోసం పోయాడనుకో. మళ్ళీ ఈ మొరతో వచ్చావంటే పొలిమేర దాటిస్తాం."

"దేశం కోసమా? ఉప్పు అమ్ముకోడానికి పోయాడు బాబూ," అంది నాంచారి. భటులు ఆమెను బయటికి గెంటారు.

పేరయ్య పళ్ళు నూరుకుంటూ ఆమె వెనకే వెళ్ళాడు. "జగ్గడు ఈ ఊరొస్తాడా, అమ్మా?"

"రాకేం? శుక్రవారం శుక్రవారం పట్టపగలే కల్లుపాకలో తాగి దొర్లుతుంటాడు. ముట్టుకునేదెవరు? బిళ్ళ ఉందిగా!"

పేరయ్య తిన్నగా బందెలదొడ్డికి నడిచాడు.

ఆ రాజ్యంలో బందెలదొడ్డికి ఒక కట్టుబాటు ఉంది. పరుల చేలో పడ్డ గొడ్డును ఎవరైనా సరే తోలుకొచ్చి అందులో పెట్టవచ్చు. లోపలికి వెళ్ళాక ఏ ముద్రా, ఏ అధికారమూ చెల్లదు. దాని ఆసామి వచ్చి, గడప మీద చెయ్యి వేసి, ఊరి పెద్దల ముందు "ఇది నాది, ఇది చేసిన పాడూ నాది" అంటేనే గొళ్ళెం తీస్తారు. అలా అన్నాక శిక్ష ఆసామిదే. వెనకటికి ఈ రాజుగారి తాతగారి ఏనుగు ఎవరిదో చెరుకుతోట తొక్కితే, ఆయనంతటివాడూ వచ్చి ఆ గడప మీద చెయ్యి వేశాడు.

శుక్రవారం వచ్చింది. పేరయ్య చెప్పినట్టే, ఓబయ్య తోటి ఉప్పువాళ్ళు పదిమంది తాగి పడున్న జగ్గణ్ణి పలుపుతాళ్ళతో కట్టి, దొడ్డిలో రెండు గేదెల మధ్య పడేశారు. వాడు కళ్ళు తెరిచి, బూతులు తిడుతూ బిళ్ళ చూపించాడు.

"ఆ గేదెలకి చూపించు నాయనా," అన్నాడు దొడ్డి కాపరి ఎల్లమంద. "చదువుతాయేమో!"

కబురందిన దళవాయి గుర్రం మీద ఉరికొచ్చాడు. సాయంత్రానికల్లా జగ్గడు సరిహద్దు దాటాలి. ఆలస్యమైతే ఏడాది పన్నాగం మంటగలుస్తుంది.

"తియ్యి ముసలాడా తలుపు! వాడు నా మనిషి!"

"కొలువులో కాదన్నారు కదండీ?" అన్నాడు పేరయ్య అమాయకంగా.

"అది కొలువు, ఇది పని! వాడు నా తిండి తింటాడు, నేను పొమ్మన్న చోటికి పోతాడు. తియ్యమంటుంటే!"

ఎల్లమంద కదల్లేదు. "గడప మీద చెయ్యి వేసి ఆ రెండు మాటలూ అనండి దొరా. పెద్దలు వింటున్నారు."

దళవాయి విసుక్కున్నాడు. గొడ్లకు పెట్టిన కట్టుబాటు తనలాంటివాణ్ణి ఏం చేస్తుందిలే అనుకున్నాడు. వంగి చెయ్యి వేశాడు. "వీడు నావాడు, వీడు చేసిన పాడూ నాదే! చాలా?"

"చాలు," అన్నాడు పేరయ్య.

గొళ్ళెం తీశారు. ఇద్దర్నీ అక్కణ్ణుంచి కొలువుకే నడిపించారు. నాంచారీ వాళ్ళ వెంటే వెళ్ళింది. పెద్దలు విన్నది విన్నట్టు చెప్పారు. రణభల్లటుడి మొహం మాడిపోయింది.

"ప్రభూ, అది పశువుల తంతు!"

"మీ తాతగారి చెయ్యి పడ్డ గడప ప్రభూ," అన్నాడు పేరయ్య. "అది ఉత్త తంతు అంటే, ఆయన మాటా ఉత్తదేనంటారా?"

రాజు ఇరుకున పడ్డాడు. తాత మాటను కాదనలేడు. అంతటి మీసాల దళవాయి గేదెల దొడ్డిలో దొరికిపోయాడని తలుచుకునేసరికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. జగ్గడికి ఉరి, దళవాయికి చెర అన్నాడు. చేతి కంకణం తీసి పేరయ్యకు ఇవ్వబోయాడు.

పేరయ్య చెయ్యి చాపలేదు.

"నవ్వకండి ప్రభూ. దొంగ దగ్గర కబురు తీసుకోండి, వద్దనను. కానీ తీసుకున్ననాడే వాడి కత్తి పిడి మన చేతికీ వచ్చినట్టు. దళవాయి ఆ కబుర్లు తెచ్చి ఎవరికి వడ్డించాడు? వాటి బలంతో గెలిచి, ఎవరు బిరుదులు చదివించుకున్నారు?"

రాజు నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన సింహాసనం దిగి నాంచారి ముందుకొచ్చాడు.

"ఆ బిళ్ళ మీద ముద్ర నాదమ్మా," అన్నాడు మెల్లగా. "ఏం ఇమ్మంటావు?"

నాంచారి కొంగుతో మొహం తుడుచుకుంది.

"పోయినాయన్ని తేలేరు కదా బాబూ. రేపు నా తమ్ముడు ఆ కనమదారినే ఉప్పు తోలుకుపోతున్నాడు. వాడు పిలిస్తే కావలివాళ్ళు వెనక్కి తిరిగేలా చూడండి. అంతే."