మాట కోసం కూర్చున్న తిప్పక్క

ఎప్పటిదో మాట ఇది. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పిన మాట. నల్లగుట్టపల్లె గుట్టల మధ్యకు ఇంకా బండిబాటైనా పడని కాలం మాట.

ఆ కాలంలో బావులు తవ్వే గుంపొకటి ఊరూరా తిరుగుతుండేది. ఆ గుంపులో తిప్పక్క అనే మనిషి ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా సుంకన్న అనే తమ్ముడు. తమ్ముడు బావిలో దిగి తవ్వేవాడు. అక్క ఒడ్డు మీద మట్టి మోసేది. సుంకన్నకు నోరు ఊరుకునేది కాదు. బావి అడుగున ఉండి కూడా పైవాళ్లను నవ్వించేవాడు.

నల్లగుట్టపల్లెలో బావి తవ్వుతుండగా ఒకనాడు మట్టిగంపకు కట్టిన మోకుల్లో ఒకటి తెగింది. పైకి పోతున్న గంప ఒరిగి, అందులోంచి జారిన రాయి సుంకన్న తలకు తగిలింది.

మొదటి రోజు కళ్లు తెరవలేదు. రెండో రోజు తెరవలేదు. మూడో రోజు తెరిచాడు గానీ ఆ కళ్లు ఎవరినీ గుర్తుపట్టలేదు. కుడిచెయ్యి లేవలేదు. కుడికాలు కదల్లేదు. నోట్లో ఒక్క మాటే మిగిలింది, "నీళ్లు" అని. ఆకలైనా నీళ్లే. ఎండ తగిలినా నీళ్లే. కోపమొచ్చినా నీళ్లే.

ఆ ఊరి వైద్యుడు నరసప్ప గాయం కడిగి పసరుకట్టు కట్టాడు. తల ఎత్తులో పెట్టమన్నాడు. చుట్టూ గోల చెయ్యొద్దన్నాడు. గంజి చుక్కచుక్కగా తాపమన్నాడు, తొందరపడితే పొలమారి ప్రాణం మీదికొస్తుందని.

"గాయం నెల్లాళ్లకు మానుతుందమ్మా," అన్నాడు. "లోపలి మనిషి ఎప్పుడు తిరిగొస్తాడో నేను చెప్పలేను. నా దగ్గరున్న మందు ఇంతే. ఇంక నీ ఓపికే."

తిప్పక్క తమ్ముడి పక్కన కూర్చుంది.

"తొందరేం లేదు నాయనా. నేను ఈడనే ఉండా," అంది.

నెల తిరిగేసరికి బావిలో నీళ్లు పడ్డాయి. గుంపు ఇంకో ఊరికి బయల్దేరింది. గుంపు పెద్ద ఓబన్న వచ్చి, సుంకన్నను మోసుకుంటూ తిరగలేమని, ఎవరి పంచనైనా వదిలి ఆమెను రమ్మని చెప్పాడు. గుంపును విడిస్తే ఆమెకు కూడూ లేదు, తోడూ లేదు. అయినా రానంది. ఊళ్లోనే ఒక గుడిసె వేసుకుంది. పగలు ఊళ్లో ఇళ్లు కట్టుకునేవాళ్లకు మట్టి మోసింది. పొద్దు వాలాక తమ్ముడి కాళ్లకు నూనె మర్దనా చేసి, చంకల కింద చెయ్యేసి లేపింది.

మొదటి ఏడు సుంకన్న కూర్చున్నాడు. రెండో ఏడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. మూడో ఏడు ఆమె భుజం పట్టుకుని వీధి చివరిదాకా నడిచాడు.

కాలు వచ్చినట్టు మాట రాలేదు. మాట కోసం నోరు తెరిచి, అది దొరక్క, ఎడమచేత్తో గంజిముంత విసిరికొట్టేవాడు. ఒకసారి అది ఆమె నుదుటికి తగిలింది. తిప్పక్క ఇంటి వెనక్కి పోయి కాసేపు ఏడ్చింది. నెత్తురూ కన్నీళ్లూ కలిపి కడుక్కుంది. మళ్లీ వచ్చి కూర్చుంది.

"తొందరేం లేదు నాయనా. నేను ఈడనే ఉండా."

ఊళ్లోవాళ్లు జాలిపడి మాట అందించబోయేవాళ్లు. కూడు కావాలా, బెల్లం కావాలా, పడుకుంటావా అని అడిగేవాళ్లు. తిప్పక్క వద్దనేది. వాడు లోపల వెతుక్కుంటున్నాడు, అడ్డం పోవద్దు అనేది.

ఒక పొద్దున ఆమె కొర్రలు చెరుగుతుంటే సుంకన్న ఆమెనే చూసి పెదాలు కదిపాడు. ఆమె చేట పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. గడప మీది ఎండ వాకిట్లోకి జరిగింది.

"అమ్మ," అన్నాడు.

అది తప్పు మాట. వాళ్లమ్మ పోయి పదేళ్లయింది. పక్కింటి మనిషి దిద్దబోతే తిప్పక్క చెయ్యెత్తి ఆపింది. అంత దూరం నుంచి మోసుకొచ్చినదాన్ని వెనక్కి పంపుతామా అంది.

"ఓ నాయనా," అని పలికింది. ఆ రోజు నుంచి బతికినన్నాళ్లూ అమ్మా అంటేనే పలికింది.

తర్వాత మాటలు ఒకటొకటే వచ్చాయి. అన్నీ రాలేదు. సుంకన్న మళ్లీ బావిలో దిగలేదు. కాలివేళ్ల మధ్య నార బిగించి, ఎడమచేత్తో మోకులు పేనడం నేర్చుకున్నాడు. అతను పేనిన మోకు తెగిందని ఎవరూ వినలేదు.

తిప్పక్క ముసలిదై కన్ను మూసింది. మట్టి వేసే ముందు తమ్ముడు ఏదన్నా చెప్పుకుంటాడేమోనని ఊరంతా ఆగింది. సుంకన్న గుంత పక్కన కూర్చుని నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎవరూ అందివ్వలేదు. ఎవరూ కదల్లేదు. ఒకరి తర్వాత ఒకరు నేల మీద కూర్చున్నారు. తల్లులు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు. నడినెత్తిన ఉన్న పొద్దు పక్కకు వాలింది.

"అక్క," అన్నాడు.

అప్పుడు మట్టి వేశారు.

ఆ గుట్టల ఊళ్లలో ఇప్పటికీ అంతే. నత్తి ఉన్న పిల్ల అయినా, మతిమరుపు వచ్చిన తాత అయినా, తలకు దెబ్బ తగిలి లేచిన మనిషి అయినా, మాట కోసం తడుముకుంటుంటే ఎవరూ అందివ్వరు. నిలబడ్డవాళ్లు కూర్చుంటారు. ఎవరికన్నా ఓపిక చాలకపోతే, పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టి మెల్లగా లాగుతారు.

"తిప్పక్క కూర్చుంది, నువ్వూ కూర్చో," అంటారు.