అడుసమ్మకు రాతి విగ్రహం ఎందుకు లేదు

పెదగరువు పాయ సముద్రంలో కలిసేచోట, మడచెట్ల నడుమ అడుసమ్మ తల్లి కొలువై ఉన్నది. గోపురం లేదు, గర్భగుడి లేదు. పడవ దిగిన భక్తులు మోకాటిలోతు బురదలో నడిచి, ఆ బురదకే పసుపు కుంకుమలు సమర్పిస్తారు. విగ్రహమేదని అడిగేవారికి ఈ కథ చెప్పవలసి ఉంటుంది.

పూర్వం ఇక్కడ ఎర్రాయమ్మ అనే ఆమె పీతలు పట్టుకుని, పదేళ్ల కూతురు పైడితో బతికేది. అప్పటి ఠాణేదారు కొండల్రాయుడు సున్నపు బట్టీలకు కట్టెల కోసం మడ అడవిని నరకమన్నాడు. కూలికి ఆశపడి పల్లెవారే గొడ్డళ్లు పట్టారు. ఎర్రాయమ్మ అడ్డుపడింది.

"దొరా, రాలిన ఆకు బురదలో కుళ్లుద్ది. ఆ కుళ్లు తిని పీతా, రొయ్యపిల్లా పెరుగుతాయి. వాటిని తిని కొంగా బతుకుద్ది, మేమూ బతుకుతాం. చెట్టు పోతే బురద నిలవదు. బురద పోతే ఏదీ నిలవదు."

"ప్రాణం లేని బురద కోసం ఏడుస్తావేమే?" అని అతడు నవ్వాడు.

రెండేళ్లలో ఆటుపోట్లకు బురదంతా కొట్టుకుపోయింది. వలలు ఖాళీగా వచ్చాయి. కొంగలు లేచిపోయాయి. మూడో ఏట ఉప్పెన విరుచుకుపడినప్పుడు దాని వేగాన్ని ఆపే చెట్టొక్కటి లేదు. పైడి కొట్టుకుపోయింది. శవమైనా దొరకలేదు.

ఎర్రాయమ్మ పల్లెలోని అమ్మవారి గుడికి వెళ్లి, రెండు చేతులా అడుసు ఎత్తి రాతి విగ్రహం ముఖాన కొట్టింది. "చూస్తా కూర్చున్నావా! నువ్వేం తల్లివే!" అని గొంతు పోయేదాకా తిట్టి అక్కడే సొమ్మసిల్లింది.

తెల్లవారుజామున అమ్మవారు కలలో కనిపించింది. ఆ తల్లి కోపం ఎర్రాయమ్మ కోపాన్ని మించినది.

"రాతిలో నేనెక్కడున్నానే? నువ్వు విసిరిన అడుసు నేను. ఉప్పునీరు నేను, ఎండ నేను, పీత నేను. నన్ను నరికి అమ్ముకుని, మొక్కడానికి రాయి మిగుల్చుకున్నారా! గొడ్డలి దొరది. చేతులెవరివి? పోయి అడుగు."

ఎర్రాయమ్మ గడప గడపకూ వెళ్లి అడిగింది. ఆనాడే పల్లెవారు రాతి విగ్రహాన్ని సముద్రంలో కలిపి, పొరుగు పాయల నుండి మడ మొలకలు తెచ్చి నాటారు. ఠాణేదారు మళ్లీ మనుషులను పంపితే కర్రలతో తరిమికొట్టారు. బురద తిరిగి నిలవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఎర్రాయమ్మ చివరిదాకా మొలకలు నాటుతూనే ఉన్నదట. నవ్వగా చూసినవారు లేరట.

నేటికీ ఏటా ఫాల్గుణ అమావాస్యనాడు ఆమె పుట్టింటి వంశపు ఆడపడుచు బురదలో నిలబడి, వచ్చిన ప్రతివారినీ అమ్మవారి మాటగా "ఇప్పుడు గుర్తొచ్చానా!" అని తిడుతుంది. ఆ తిట్లు పడి, మొలక నాటినవారి వలలు నిండుతాయనీ, వారి బిడ్డలను ఉప్పెన ముట్టదనీ నమ్మకం. వట్టి పూలదండతో వచ్చినవారిని, ఎంతటి అధికారులైనా సరే, ఆమె తిట్టను కూడా తిట్టదు. వచ్చిన పడవనే తిరిగి ఎక్కమంటుంది.