రౌటర్లో దొంగ సరుకు

మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకు బతికే మస్తానమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఊరందరికీ రౌటర్లు అమ్మిన కంపెనీ మూడేళ్ళకే "పాతబడ్డాయి, కొత్తవి కొనుక్కోండి" అని చేతులు దులిపేసుకుంది. మాటిమాటికీ నెట్ ఆగిపోతుంటే, ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి ఊరికే పంచిపెడుతున్న సాఫ్ట్‌వేర్‌ని ఆవిడే పంచాయతీ ఆఫీసుతో మొదలెట్టి ఇంటింటికీ తిరిగి ఎక్కించింది. రౌటర్లు లేచి కూర్చున్నాయి.

అది తెలిసి కంపెనీ మేనేజరు ఫణిభూషణం పంచాయతీ ఆఫీసులో దిగాడు. ఆఫీసు నెట్‌తోనే కంపెనీ పెద్దసారుని వీడియో కాల్‌లోకి పిలిచి, ఊరి జనం ముందు రంకెలేశాడు.

"దొంగ సరుకు ఎక్కిస్తావా? మా సాఫ్ట్‌వేర్‌కి ఏం రోగం? అన్నిట్లో మాదే మళ్ళీ పెట్టు. ఇప్పుడే, సారు చూస్తుండగా!"

"అలాగే సార్. ఈ గోడమీదున్న దానితోనే మొదలెడతా."

మస్తానమ్మ పళ్ళు కొరుకుతూ ఆఫీసు రౌటర్లో కంపెనీ సాఫ్ట్‌వేరే తిరిగి ఎక్కించింది. ఫణిభూషణం మళ్ళీ కాల్ కలిపాడు. రెండు మాటలైనా కాకముందే పెద్దసారు తెరమీద నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోయాడు. మూడుసార్లు కలిపినా అంతే.

ఫణిభూషణం చెమట తుడుచుకుని ఆవిడ చెవి దగ్గరకొచ్చాడు. "అమ్మా, నీదే పెట్టమ్మా."

"దొంగ సరుకన్నప్పుడు ఊరంతా వినపడిందిగా సార్," అంది మస్తానమ్మ. "ఇదీ అంత గట్టిగానే అనండి!"