తియ్యటి చెలమ

ఇప్పలమల అడవిలో ఏనుగులు, ఎలుగులు, దుప్పులు, అడవిపందులు, గద్దలు కాపురముండేవి. ఎండాకాలం వస్తే అక్కడి వాగులో ఇసుకే మిగిలేది. అప్పుడు ఏనుగవ్వ ఇసుక తవ్వి చెలమ తీసేది. ముందు ఆమె తొండంతో వాసన చూడాలి. తర్వాతే మిగతావాళ్లు మూతి పెట్టాలి. అది ఆ అడవి కట్టుబాటు.

బొర్రన్న అనే ఎలుగుబంటికి ఈ కట్టుబాటు గిట్టేది కాదు. కొండ అవతలి తేనెపట్టును ఇవతలి నుంచే పసిగట్టే ముక్కు అతనిది. అతను నడుస్తుంటే ముందు ఆ ముక్కు వచ్చేది, వెనకాల ఒళ్లు వచ్చేది.

ఒక పొద్దున ఏనుగవ్వ చెలమలో తొండం పెట్టి చటుక్కున తీసేసింది.

"ఎవరూ తాగకండి. ఇందులో నీళ్లు కానిదేదో ఉంది."

అందరూ తొంగి చూశారు. అడుగున ఇసుక రేణువులు కూడా కనబడేంత తేటగా ఉన్నాయి నీళ్లు.

"అవ్వా, నీకు వయసు మీద పడింది," అన్నాడు బొర్రన్న. "ఇది తియ్యటి వాసన. తీపి సంగతి నాకు చెబుతావా?"

"తేనెకైతే తీపి వాసన ఉండాలి నాయనా. నీళ్లకెందుకు?"

గద్ద కిందికి దిగింది. "అడవి అంచున కార్ఖానా ఉంది. ఇనుప సామాన్ల జిడ్డు వదలగొట్టే మందును వాడేశాక గోతిలో పారబోస్తున్నారు. పొద్దున పోస్తే సాయంత్రానికి గొయ్యి ఖాళీ."

"ఎక్కడికి పోతుంది?" అంది దుప్పి.

"నేలలోకి," అంది ఏనుగవ్వ. "నేల తాగిందే మనమూ తాగుతాం. పదండి, గోతికి ఎగువకు పోదాం."

అందరూ కదిలారు. బొర్రన్న కదల్లేదు. "పోండి, పోండి. నా వాటా పెరిగింది," అని కడుపునిండా తాగాడు. మర్నాడూ తాగాడు. ఆ తర్వాత తల తిరగడం మొదలైంది. ఒకసారి తేనెపట్టు కిందే నిలబడి, తేనె ఎక్కడుందా అని వెతికాడు. వాసన రాలేదు.

తూలుకుంటూ ఎగువకు వెళ్లాడు. అక్కడ ఏనుగవ్వ ఇంకా నీళ్లు వెతుకుతూనే ఉంది. తవ్విన గోతులన్నీ పొడిగా ఉన్నాయి. ఆమె ఇసుక మీద పాదం ఆనించి కళ్లు మూసుకుంది. ఏ కొండ మీదో ఎప్పుడో కురిసిన వాన, కాళ్ల కింద ఎంతో లోతున, చీకట్లో, రాళ్ల సందుల్లోంచి నడిచి వస్తోంది. ఆ నడక ఆమె పాదానికి తెలిసింది.

ఆమె తవ్వింది. ఇసుక రంగు మారింది. ఒక్కో చుక్కా ఊరి, గుంట నిండి, అందులోకి ఆకాశం దిగింది. ఇంత పెద్ద సంగతి తన కాళ్ల కిందే జరుగుతుంటే, ఇన్నాళ్లూ తన ముక్కు చివరే లోకమనుకున్నానని బొర్రన్న సిగ్గుపడ్డాడు.

"నా ముక్కు మళ్లీ వస్తుందా అవ్వా?"

"తెలియదు నాయనా. ముందు ఇవి తాగు."

ముక్కు మళ్లీ రాలేదు. బొర్రన్న పాత చెలమను రాళ్లతో పూడ్చి, వాటి మీదే కాపలా కూర్చున్నాడు. దారిన పోయే కొత్త జంతువులు రాళ్ల సందుల్లో తడి చూసి దాహంతో ఆగేవి.

"కింద నీళ్లున్నాయిగా మామా, బాగుండవా?"

"చాలా బాగుంటాయి. అందుకే కూర్చున్నా. మీరు ఎగువకు పోండి."

నీతి: కంటికి తేటగా, నోటికి తియ్యగా ఉన్నంత మాత్రాన నీళ్లు మంచివి కావు, తెలిసినవాళ్లు వద్దన్నప్పుడు ఆగినవాడే బాగుపడతాడు.