వట్టి అడుగు

ఒకప్పుడు ఆ అడవిలో పెద్దేరు దాటడమంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. ఈ ఒడ్డున పొదలూ, పొదల్లో నక్కా. ఆ ఒడ్డున మేసినంత పచ్చిక. కాటమ్మ అనే గేదె ఓ కుంటి కుందేల్ని వీపుమీద ఎక్కించుకుని దాటించిన రోజున రేవు మొదలైంది. తర్వాత ఆమె కొడుకులు ముగ్గురూ, దుక్కల్లాంటి దున్నపోతులు, వీపులు వంచారు. కుందేళ్లూ ఉడతలూ పొద్దున్నే మేతకు అటు వెళ్లి, పొద్దు వాలేలోగా ఇటు వచ్చి బొరియల్లో, తొర్రల్లో దూరేవి. ముళ్లపంది ఎక్కినా కిమ్మనని వీపులవి! ఎగరగలిగిన నెమళ్లు కూడా దర్జా కోసం గేదెలెక్కి వెళ్లేవంటే, ఆ రేవు వైభవం ఏమని చెప్పను.

రోజూ మొదటిసారి మాత్రం వట్టి వీపుతోనే దాటాలి. రాత్రికి రాత్రి ఏటి అడుగున ఇసుక చోటు మారుతుంది. గేదె ఈదగలదు, నిజమే. కానీ ఈదే గేదె వీపు నీళ్లలో ఉంటుంది, దానిమీది కుందేలు ఏమైపోవాలి? అందుకే కాటమ్మ ముందు ఒక్కతే దిగి, గిట్టలతో నేల తడుముకుంటూ వెళ్లి, నడిచే దారి చూసుకుని వచ్చేది. దాన్ని వట్టి అడుగు అనేవాళ్లు. ఆమె నీళ్లలో ఉన్నంతసేపూ ఒడ్డున ఒక్క ప్రాణీ నోరు మెదిపేది కాదు. అంత ఏరూ ఆ ముసలి గిట్టలకు తన గుట్టు చెబుతున్నట్టుండేది. పెద్దకొడుకు గంగులుకి రోజూ చూసినా రోజూ ఒళ్లు గగుర్పొడిచేది.

కాటమ్మకు చూపు పోయాక రేవు పెత్తనం, వట్టి అడుగూ గంగులుకి వచ్చాయి.

నక్కకేమో కడుపు మాడుతోంది. ఈ రేవు మునిగితే కుందేళ్లు పగలంతా ఈ ఒడ్డునే మేయాలి కదా అనుకుని, ఓ పొద్దున గంగులు పక్కన చేరింది.

"బావా, ఇంతమంది కాళ్లు పీక్కుపోయేలా నిలబడితే నువ్వొక్కడివే షికారుకెళ్లొస్తావేంటి?"

"షికారు కాదు, వట్టి అడుగు. అమ్మ పెట్టిన పద్ధతి."

"అత్తకి తెలీక తడుముకునేది. ఇన్నేళ్లు తిరిగిన నీ కాళ్లకీ తెలీదంటే నలుగురూ ఏమనుకుంటారు?"

ఆ మాట గంగులుకి గుచ్చుకుంది. మర్నాడు వట్టి అడుగు మానేశాడు. ఏమీ కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. త్వరగా తెములుతోందని రేవులో అందరూ మెచ్చుకున్నారు కూడా. తల్లి అడిగితే "చూసొచ్చానమ్మా" అనేవాడు.

ఏడో రోజు రాత్రి ఎగువన పెద్దవాన పడింది. ఎనిమిదో రోజు పొద్దున గంగులు ముందు, తమ్ముళ్లు ఆనుకుని వెనక, వీపుల నిండా పిల్లాజెల్లా. ఏటి నడుమ గంగులు కాలికి నేల తగల్లేదు. తమ్ముళ్లూ అదే గుంటలో దిగిపోయారు. గేదెలు కాబట్టి తేలారు. వీపుల మీదివాళ్లు మాత్రం ప్రవాహంలో కొట్టుకుపోయారు.

"అమ్మా!" దూడలా అరిచాడు గంగులు.

ఒడ్డున కాటమ్మ చెవులు రిక్కించింది. కేకలు వినబడిన వైపు వెళ్లలేదు. దిగువకు నడిచి, ఏట్లో దిగి, ఒకచోట ప్రవాహానికి అడ్డంగా నిలబడింది. అంతే. కొట్టుకొచ్చిన కుందేలు ఆమె డొక్కకు తగిలి ఆగింది. ఉడత ఆగింది. ఒక్కటీ తప్పకుండా అన్నీ ఆమె దగ్గరికే వచ్చాయి. ఏరు ఎవర్ని ఎక్కడికి తెస్తుందో చూపులేని ముసల్దానికి ఎలా తెలిసింది? గంగులు ఈదడం కూడా మరిచి అలాగే చూశాడు. కొమ్ములకూ మెడకూ తోకకూ వేలాడే ప్రాణాలన్నిటితో ఆమె మెల్లగా ఆ ఒడ్డెక్కింది.

ముసలి కుందేలు ఒంటి నీళ్లు విదుల్చుకుంటూ అంది: "కాటమ్మ తల్లీ, నీకు దణ్ణం. నీ కొడుకుల వీపు మాత్రం ఇంక ఎక్కం. ఇక్కడే బొరియలు తవ్వుకుంటాం."

"మంచిదయ్యా" అంది కాటమ్మ. కొడుకుని ఒక్క మాటా అనలేదు. గంగులుకి అదే ఎక్కువ బాధేసింది.

రేవు పోయింది. తమ్ముళ్లు వేరే మందలో కలిసిపోయారు. కాటమ్మ కుందేళ్ల మధ్యే ఉండిపోయింది. గంగులు మాత్రం రోజూ పొద్దున్నే నేల తడుముకుంటూ ఏరు దాటి వెళ్తాడు.

"ఇవాళ దారెటుందిరా?" అంటుంది తల్లి.

"నాలుగడుగులు పైకి జరిగిందమ్మా" అని చెప్పి తిరిగి వస్తాడు.

ఈ ఒడ్డున కుందేలన్నదే లేక నక్క డొక్కలెండిపోయింది. "బావా, నీకు పుణ్యముంటుంది, నన్నూ ఆ ఒడ్డుకి దింపవూ?"

"ఇది వట్టి అడుగు బావా. ఎవర్నీ ఎక్కించుకోకూడదు."

"పోనీ, రేపు?"

"రేపూ వట్టి అడుగే" అంటూ గంగులు నీళ్లలోకి దిగాడు.

నీతి: ఎవరూ మెచ్చుకోని పని మానేస్తే, అందరూ మెచ్చుకునే పని మునిగిపోతుంది.